వెంట్రుకవాసి సందు

కాఫీపొడి డబ్బా మూత బిగించి, ఉప్పు సీసా బిరడా బిగించి, గ్యాసు మీట ఆపి ఉందో లేదో వేలితో తడిమి చూసి, కొళాయి దగ్గరికి వచ్చాడాయన. కొళాయి కారడం లేదు. అయినా దాని పిడి పట్టుకుని ఇంకొంచెం తిప్పాడు. ఆ ఇంట్లో కొళాయి వాషర్లు ఏడాది తిరక్కుండానే అరిగిపోయేవి. ప్లంబరు వచ్చినప్పుడల్లా, "అమ్మా, మీ ఇంట్లో పహిల్వాను ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవాడు. ఆవిడ బనీనులో పీలగా వేలాడుతున్న మొగుణ్ణి గడ్డంతో చూపించేది.

ఫ్యాక్టరీలో ఆయన పేరు బిగింపు బాబాయ్. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, ఈ పేరు మిగిలింది. మనిషి చూస్తే తీగ మీద ఆరేసిన చొక్కాలా ఉంటాడు. భుజాలు ముందుకు వంగి, మెడ కాస్త పక్కకు వాలి, ఎవరైనా తిడతారేమో అన్నట్టు కళ్ళు ముందే చిన్నవి చేసుకుని ఉండేవాడు. బలమంతా మణికట్టు కింద ఉంది. బొటనవేలి మొదట్లో కండ నిమ్మకాయంత లేచి ఉండేది. ఆయన ఒకసారి మూసిన డబ్బా తెరవాలంటే ఆవిడ చాకు పిడితో మూత చుట్టూ నాలుగు దెబ్బలు వేయాల్సిందే.

ఆయన పిరికివాడు. ఇది దాచాల్సిన సంగతి కాదు, ఆయనే దాచేవాడు కాదు. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, డాక్టరంటే మరీ భయం. రాత్రిపూట ఫోను మోగితే భయం, మోగకపోతే మోగుతుందేమోనని భయం. రోజూ ఏదో ఒక భయంతో నిద్ర లేవడం ఆయనకు పళ్ళు తోముకోవడం లాంటిదే. ఆవేళ మాత్రం వరస మారింది. భయం ముందొచ్చేసింది, కారణం ఇంకా దొరకలేదు. రొమ్ము మీద ఎవరో అరచెయ్యి ఆనించి అదుముతున్నట్టుంది. ఎడమ దవడ కింద సన్నగా లాగుతోంది.

"ఏమే, ఇవాళెందుకో గుండెల్లో అదోలా ఉంది," అన్నాడు.

"నిన్న పక్కింటి కుక్క మొరిగింది కదా, దాని తాలూకు అయ్యుంటుంది," అంది ఆవిడ పెరట్లోంచి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. కానీ ముప్ఫై ఏళ్ళకు పైగా ఇవే పేగులు లెక్కపెట్టీ పెట్టీ ఆవిడకు విసుగొచ్చింది. "లేకపోతే రేపు మొరగబోయేదానికి ఇవాళే మొదలెట్టారేమో. ఆ చక్కెర డబ్బా మూతొక్కటైనా కాస్త వదులుగా పెట్టండి, మీకు పుణ్యముంటుంది. నేను ముందు పోతే సరే. మీరు ముందు పోయారంటే డబ్బాలు తెరుచుకోక నేనూ మీ వెనకాలే రావాలి."

"పొద్దున్నే అవేం మాటలే," అని కసిరాడాయన. చక్కెర డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. అది ఆ వరసలో ఆఖరుది.

సరిగ్గా అప్పుడే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో ఉతకబోతున్న ఆయన నిన్నటి యూనిఫాం చొక్కా, రెండో చేతిలో తళుక్కుమంటున్న చిన్న రేకు ముక్క.

"జేబులో బ్లేడు పెట్టుకు తిరుగుతున్నారేంటండీ? నా వేలు తెగేది."

అగ్గిపుల్లకు రెండింతల వెడల్పు, వేలెడు పొడవు, తలవెంట్రుకంత మందం. కొసన చిన్న కన్నం, ఆ కన్నానికి ఎర్రదారం. పారేసుకోకుండా ఉండాలని ఆ దారం కట్టింది ఆయనే. ఫ్యాక్టరీలో దాన్ని షిమ్ము అంటారు, రెండు రేకుల మధ్య దూర్చే ముక్క. అది ఆ జేబులో ఉండకూడదు. ఫ్యాక్టరీలో, చట్రం మీద, దాని చోట అది ఉండాలి.

వెతుక్కుంటున్న భయానికి కారణం దొరికింది. పైప్రాణాలు పైనే పోయాయి. చక్కెర డబ్బా మూత తిప్పబోతే చెయ్యి జారింది. ఎలాగో మూత కప్పి, డబ్బాని గూట్లోకి తోసి, ఆ రేకు ముక్క భార్య చేతిలోంచి లాక్కున్నంత పనిచేశాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. బస్సుకి టైమైంది."

ఆయన పని వ్యాను తలుపుల దగ్గర. తలుపు లోపలి రేకు మీద బలం కోసం ఒక పట్టీ రేకు పరిచి, రెండింటినీ ఇనప చట్రంలో పెట్టి, క్లాంపుల పిడులు లాగి, గాజుగదిలోంచి బయటికొచ్చి మీట నొక్కాలి. అప్పుడు లోపల లేజరు కిరణం కుట్టుమిషను సూదిలా అంచు వెంబడి పరిగెత్తి రెండు రేకుల్నీ ఒకటి చేస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. తుప్పు పట్టకుండా ఆ రేకులకు జింకు పూత పూస్తారు. జింకుకి ఓపిక తక్కువ. ఇనుము ఇంకా కరగడం మొదలుపెట్టకముందే అది మరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరికి బయటికి పోయే దారి కావాలి.

లైను కొత్తగా పెట్టినప్పుడు నేర్పడానికొచ్చిన ఇంజనీరు ఒక గిన్నెలో నీళ్ళు పోసి, మూత అదిమి కట్టి, పొయ్యి మీద పెట్టి చూపించాడు. మూత ఎగిరి ఆ ఇంజనీరు కళ్ళజోడు మీదే పడబోయింది. అందరూ నవ్వారు, అందరికీ అర్థమైంది. రెండు రేకుల మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. అతుకుకి చెరో కొసనా ఒక షిమ్ము దూర్చి అప్పుడు బిగిస్తే ఆ సందు ఉంటుంది. లేదంటే ఆవిరి కరిగిన ఇనుములోంచే దారి చేసుకుని లోపల బుడగలు వదిలిపెడుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. పైన పటారం, లోన లొటారం.

అందరికీ అర్థమైంది కానీ బాబాయ్ చేతులకు మాత్రం అర్థం కాలేదు. అవి పాత కాలం చేతులు. రేకు రేకును కరుచుకోవాలి, మధ్యలో కాగితం దూరకూడదు అన్నది వాటికి కుర్రతనంలో పట్టుబడిన విద్య. సందు ఉంచి బిగించడమంటే ఆయనకు గడియ వేయకుండా పడుకోవడం లాంటిది. రోజూ మనసు చెబితే చేతులు వినేవి, అంతే.

నిన్న మధ్యాహ్నం టీ తాగొచ్చాక ఒక కొసనున్న షిమ్ముకి మసి పట్టిందని తీసి తుడుస్తున్నాడు. అంతలో పక్క లైనులో ఎవరో రేకు జారవిడిచారు. చేతిలోది జేబులో పడేసి అటు పరిగెత్తాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తిరిగొచ్చి క్లాంపు లాగాడు. ఇక సాయంత్రం దాకా ఆ కొసన రేకులు ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకునే ఉన్నాయి. ఆయన చేతులకు ఎంత హాయిగా ఉందో! ఇవాళ పని భలేగా సాగిందే అని రాత్రి అన్నం దగ్గర భార్యతో అన్నాడు కూడా. ఇప్పుడు బస్సులో కూర్చుని ఆ మాట గుర్తుకొస్తే ముచ్చెమటలు పోశాయి.

తన తప్పు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అతుకుల్ని చూసే కెమెరాకు పైమెరుపే ముఖ్యం. పరీక్షల గదిలో రోజుకొక తలుపు చించి చూస్తారు, అదీ పొద్దున చేసిన వాటిలోంచే. మధ్యాహ్నం చేసినవి ఎవరూ చించరు. అవి నేరుగా బండ్లకు ఎక్కుతాయి. ఆ బండ్లు బడిపిల్లల్ని తిప్పే వ్యాన్లు. ఆయన కూతురు నడిపేదీ అలాంటి వ్యానే. ఆమె ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన చేసే మొదటి పని వ్యాను చుట్టూ తిరిగి తలుపుల్ని వేలితో తట్టి వినడం. "నాన్నా, నీకు కూతురొచ్చిందా, వ్యానొచ్చిందా?" అని ఆమె దెప్పేది.

ఆయన చిన్నప్పుడు ఒక పెళ్ళికి వెళ్తూ తమ్ముడితో వ్యాను వెనక కూర్చున్నాడు. తలుపు వేసింది ఆయనే. "సరిగ్గా వేశావట్రా?" అని ముందు సీట్లోంచి మేనమామ అడిగితే, "వేశాను మామయ్యా," అన్నాడు. మలుపులో తలుపు తెరుచుకుంది. తమ్ముడు బతికాడు కానీ ఒక కాలు పొట్టిదైపోయింది. వాడు సరదా మనిషి. "మా అన్న తలుపేశాడంటే నేను కిటికీలోంచి దిగుతాను," అని పదిమందిలో అనేవాడు. పదిమందీ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. నవ్వి, ఇంటికొచ్చి, గడియలన్నీ మళ్ళీ చూసుకునేవాడు. తమ్ముడు జ్వరంతో పోయి చాలా ఏళ్ళయింది కానీ ఆ "వేశాను" అన్న మాట మాత్రం పోలేదు.

రాత్రి డ్యూటీ దిగుతున్న కుర్రాడు గేటు దగ్గర ఎదురయ్యాడు. "బాబాయ్, నీ షిమ్ము ఒకటి కనబళ్ళేదు. నాది పెట్టుకుని పని కానిచ్చాలే. పిన్ని పళ్ళు కుట్టుకోడానికి ఇంటికి పట్టుకెళ్ళావా ఏంటి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. కుర్రాడు అది చూడలేదు. ఆవులిస్తూ వెళ్ళిపోయాడు.

అంటే రాత్రి చేసినవి బాగానే ఉన్నాయి. పాడైనవన్నీ తనవే.

పొద్దున పని మొదలుపెట్టాడు. తనది జేబులోంచి తీసే ధైర్యం లేక, కుర్రాడు వదిలివెళ్ళిన షిమ్మునే ఆ కొసన దూర్చాడు, చూశాడు, మళ్ళీ చూశాడు. గాజుతలుపు వేసి, మనసొప్పక తెరిచి ఇంకోసారి చూశాడు. లైను మేస్త్రి అటుగా వచ్చాడు. పొట్టిగా, మెడలో ఈల వేలాడేసుకుని, ఎప్పుడూ ఎవరితోనో ఫోనులో పోట్లాడుతూ ఉండే మనిషి.

"ఏంటి బాబాయ్, ఆడపిల్లకి జడ వేస్తున్నట్టు వేస్తున్నావ్? చెయ్యి ఆడించు. మధ్యాహ్నం లారీ వస్తోంది, నిన్నటి సరుకంతా పోవాలి."

"మేస్త్రిగారూ..."

"ఊఁ?"

నోటిదాకా వచ్చింది. మేస్త్రి చేతిలో ఫోను మోగింది. "ఉండు బాబాయ్," అని అటు తిరిగి ఎవరినో చెడామడా తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లు వింటుంటే అవన్నీ తనకే తగులుతున్నట్టనిపించి ఆయన మళ్ళీ రేకుల మీదికి వంగాడు. పోయినేడాది రంగుల విభాగంలో ఒకతన్ని ఇలాంటి తప్పుకే పంపించేశారు. అతను టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని గేటు దాటుతుంటే అందరూ కిటికీల్లోంచి చూశారు. బాబాయ్ కూడా చూశాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తప్పు చేసింది తను కాదు కదా అని భార్య ఎంత చెప్పినా పట్టలేదు.

ఎడమ చెయ్యి బరువెక్కింది. రేకులు ఎత్తీ ఎత్తీ అనుకున్నాడు. చొక్కా వెనక తడిసి వీపుకి అంటుకుంది. భయం కదా, చెమటలు పడతాయి అనుకున్నాడు.

పొద్దుటి టీ వేళకి కాళ్ళు పరీక్షల గదివైపు తీసుకెళ్ళాయి. అక్కడ పనిచేసే అమ్మాయి మోచేతులదాకా తోలు తొడుగులు వేసుకుని, జుట్టంతా టోపీలోకి దోపుకుని, చించే యంత్రం పక్కన నిలబడి ఉంది. ఆయన్ని చూడగానే ముఖం వెలిగిపోయింది.

"బాబాయ్, సమయానికొచ్చారు. నిన్న మీరు చేసినదే చించాను. చూడండెలా వచ్చిందో!"

తలుపు ముక్క పైకెత్తి చూపించింది. అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కన రేకే కాగితంలా చిరిగిపోయింది. మంచి అతుకు అలాగే ఉండాలి. రేకు చిరగాలి కానీ అతుకు విడిపోకూడదు.

"మీ చెయ్యి పడిందంటే ఇక చూసుకోనక్కర్లేదు," అందామె.

అది పొద్దున చేసిన తలుపని ఆయనకు తెలుసు. ఆమె మెచ్చుకుంటున్న కొద్దీ చెప్పాల్సిన మాట ఇంకా లోపలికి దిగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"అదేంటి బాబాయ్, ముఖం అలా పాలిపోయింది? ఒకసారి నర్సుకి చూపించుకోండి."

"ఏం లేదు తల్లీ. భయం."

"దేనికి?"

"ఊరికే."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు, ముద్దుగానే నవ్వింది. బాబాయ్ భయం అంటే ఆ ఫ్యాక్టరీలో వాన పడుతోంది అన్నట్టే, ఎవరూ ఆగి అడిగే సంగతి కాదు. ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించి వచ్చేశాడు.

అన్నం వేళ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు కానీ ముద్ద దిగలేదు. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏమీ జరక్కపోవచ్చు. ఎన్ని వ్యాన్లు గుద్దుకుంటాయి? గుద్దుకున్నా సరిగ్గా ఆ తలుపు వైపే ఎందుకు గుద్దుకోవాలి? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ లోకం చూడట్లేదనుకుంటుందట. ఆయన కళ్ళు మూసుకుని చూశాడు. మూసుకున్న కళ్ళకి వ్యాను తలుపుకి చెంప ఆనించి నిద్రపోతున్న పిల్ల కనబడింది. ఎవరి పిల్లో తెలియదు. రెండు జడలు, ఒళ్ళో సంచి.

ఫ్యాక్టరీ పెరట్లో లారీ వెనక్కి వస్తున్న కూత వినబడింది.

డబ్బా అక్కడే వదిలేసి లేచాడు. పెరట్లోకి వెళ్ళేసరికి అప్పటికే ఒక వరస తలుపులు లారీ ఎక్కాయి. ఎత్తేవాడొకడు చేతిలోని తలుపుని అరచేత్తో చరిచి, "గట్టి సరుకు!" అని పక్కవాడికి అందించాడు. అతుకు ఎండలో మిలమిల మెరిసింది. ఆయన దగ్గరికి వెళ్ళి ఆ కొసన వేలితో రాశాడు. నున్నగా ఉంది. వేలికి కూడా ఏమీ తెలియలేదు. అప్పుడు వేసిన భయం ఆయనకు జన్మలో ఎప్పుడూ వేయలేదు. ఈ తలుపు ఈ పెరడు దాటిందంటే ఇక దీన్ని లోకంలో ఎవరూ పట్టుకోలేరు, చివరికి తను కూడా.

"ఆపండి!"

ఎవరు అరిచారా అని అందరూ చుట్టూ చూశారు. ఆయన గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా తెలియదు. మేస్త్రి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయన జేబులోంచి ఎర్రదారం పట్టుకుని షిమ్ము బయటికి లాగి చూపించాడు. మేస్త్రి దాన్నీ, ఆయన్నీ, లారీనీ మార్చి మార్చి చూసి ఫోను కట్టేశాడు.

"ఎప్పట్నుంచి?"

"నిన్న టీ తర్వాత. అన్నీ."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పొద్దున్నే. ఇంటి దగ్గర."

"మరి పొద్దున్నుంచీ ఏం చేస్తున్నావయ్యా!"

"భయపడుతున్నానండీ," అన్నాడాయన.

మేస్త్రి తిట్టడానికి నోరు తెరిచాడు. ఎదురుగా మనిషి రంగు చూసి ఎందుకో మూసేశాడు. "దించండ్రా, అన్నీ దించండి," అని లారీవాళ్ళ మీద అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పు. పైవాళ్ళకి ఏం చెప్పాలో నేను చూసుకుంటా. నీ సంగతి రేపు చూద్దాం," అన్నాడు.

నీ సంగతి రేపు చూద్దాం. ఆ మాట పట్టుకుని ఆయన పరీక్షల గదిదాకా నడిచాడు. అమ్మాయి అంతా విని తోలు తొడుగులు మళ్ళీ తొడుక్కుంది. తలుపుల మీద వరస అంకెలు చెక్కి ఉంటాయి. ఆఖరుది మొదలుపెట్టి వెనక్కి చించుకుంటూ పోతే తప్పు ఎక్కడ మొదలైందో తేలిపోతుంది. "మీరు బయట బల్ల మీద కూర్చోండి బాబాయ్. లోపల రేకు ముక్కలు ఎగురుతాయి," అని తలుపు దగ్గరికి వేసింది.

ఆయన గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. షిమ్ము చేతిలోనే ఉంది. తలుపు మూసుంటే ఏం, ఆయన చెవులు చాలు. మంచి అతుకుని చించితే రేకు చిరిగి బర్రుమని సాగుతూ ఏడుస్తుంది. చెడ్డ అతుకైతే ఏడవదు. చొక్కా గుండీ తెగినట్టు టప్పుమని ఊరుకుంటుంది.

యంత్రం కదిలింది. టప్.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఉన్నమాటే కదా, తెలిసిందే కదా అనుకున్నాడు. తెలిసినది చెవిన పడితే ఇంకోలా ఉంది. మళ్ళీ టప్. మళ్ళీ. ప్రతి చప్పుడుకీ భుజాలు ఎగిరాయి. ఒకవేళ టీకి ముందు కూడా షిమ్ము లేదేమో? అప్పుడెప్పుడో పొద్దుటే జేబులో పడిందేమో? మొన్న కూడా ఇలాగే జరిగిందేమో, మొన్నటివి వెళ్ళిపోయాయి కదా! భయానికి కాళ్ళొస్తే ఎంత దూరమైనా పోతుంది. ఆయన భయం నెలల వెనక్కి పరిగెత్తింది, వెళ్ళిపోయిన ప్రతి వ్యాను వెనకాలా పరిగెత్తింది. రెండు చేతులూ తొడల మధ్య ఇరికించుకుని, కుక్కిన పేనులా కూర్చుని, ఎవరికో మొక్కుకున్నాడు.

టప్. కాస్త ఆగి, ఇంకో తలుపు ఎక్కించిన చప్పుడు. యంత్రం మూలిగింది.

బర్రు...మని రేకు ఏడ్చింది.

ఆయన కళ్ళు తెరిచాడు. ఇంకోటి ఎక్కింది. అదీ ఏడ్చింది. ఇంకోటి. గోడ అదిరేటట్టు ఏడ్చింది. అంటే టీకి ముందువి మంచివి. తర్వాతవన్నీ లోపలే ఉన్నాయి, ఒక్కటీ గేటు దాటలేదు. లోపల అమ్మాయి ఎవరితోనో "దొరికేశాయి!" అని అరవడం వినబడింది. ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయనకి దేనిగురించీ భయం లేదు. రేపు ఉద్యోగం గురించి కూడా లేదు. పంపించేస్తే పంపించేస్తారు, కిటికీల్లోంచి చూస్తే చూస్తారు, చూడనీ అనుకున్నాడు.

భయం పోయింది. నొప్పి మాత్రం పోలేదు.

అది ఆయనకు వింతగా తోచింది. పొద్దున్నుంచీ రెండూ ఒకటే అనుకున్నాడు. ఒకటి లేచి వెళ్ళిపోయినా రెండోది రొమ్ము మీద అలాగే కూర్చుని ఉంది, ఇంకా బరువుగా. ఎవరినైనా పిలుద్దామా అనుకున్నాడు. అడుగు దూరంలో తలుపుంది. కానీ ఇవాళ ఇప్పటికే లారీని ఆపాడు, లైను ఆపాడు, ఇంతమంది పని పాడుచేశాడు. మళ్ళీ ఇంకోసారి అరవడానికి మొహం చెల్లలేదు. ఒక్క నిమిషం చూద్దాం, సర్దుకుంటుంది అనుకుని గోడకి తల ఆనించాడు.

అమ్మాయి తొడుగులు ఊడదీసుకుంటూ తలుపు తోసుకొచ్చి, "బాబాయ్, అన్నీ దొరికాయి!" అంది. ఆయన గోడకి తల ఆనించుకుని, ఏదో వింటున్నవాడిలాగే ఉన్నాడు. "ఇక భయపడకండి," అంటూ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు అరిచింది.

కొన్నాళ్ళకి ఇంట్లో జనం పల్చబడ్డారు. వచ్చినవాళ్ళు వండి పెట్టారు, కాఫీలు ఫ్లాస్కుల్లో పక్కింటినుంచి వచ్చాయి, ఆవిడ వంటింటి గుమ్మం తొక్కలేదు. ఒకనాటి సాయంత్రం పరీక్షల గది అమ్మాయి వచ్చింది. ఆయన కళ్ళజోడూ, ఆవేళ ఆయన తినకుండా వదిలేసిన అన్నం పారబోసి కడిగిన టిఫిన్ డబ్బా తెచ్చింది. కూతురు వాటిని అందుకుని పక్కకి తిరిగింది. అమ్మాయి ఆవేళ జరిగినదంతా చెప్పింది. లారీని ఎలా ఆపాడో చెప్పేటప్పుడు ఆమె గొంతు పైకి లేచింది.

"నేను నర్సు దగ్గరికి వెళ్ళమన్నానమ్మా. భయం అన్నారు. నేను నవ్వాను," అని తల దించుకుంది.

"ఆయనెప్పుడూ అంతేనమ్మా," అంది ఆవిడ. "నాతోనూ అన్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ భయమే. నువ్వేం చేస్తావు?" అని లేచింది. "ఉండు, కాస్త కాఫీ పెడతాను. ఇన్నాళ్ళకి నా చేత్తో."

వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి, అలవాటుగా చాకు తీసుకుంది. కాఫీపొడి డబ్బాని చంకలో ఇరికించుకుని చాకు పిడితో చుట్టూ నాలుగు దెబ్బలు వేసి, కొంగు పట్టి తిప్పితే, కిర్రుమని వచ్చింది మూత. చచ్చీ సాధిస్తున్నారు అనుకుని, ఏడుపూ నవ్వూ కలిసొచ్చి, కొంగుతోనే ముక్కు తుడుచుకుంది. తర్వాత చక్కెర డబ్బా గూట్లోంచి దించింది. చాకు తిరగేసి పట్టుకుని, ఎడంచెయ్యి మూత మీద వేసింది.

మూత కదిలింది.

ఆవిడ చాకు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. మూతని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. పసిపిల్ల తిప్పినా వచ్చేటట్టుంది. తను వదులుగా పెట్టమంది, నిజమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది, ఒక్కనాడు వినలేదాయన. ఆ మాట విని వదిలేశాడా, లేక ఆ పొద్దున ఆ చేతిలో బిగించే సత్తువ లేకపోయిందా? గుండెల్లో అదోలా ఉందే అన్నప్పుడు ఈ డబ్బా ఆయన ముందే ఉంది. తను పెరట్లో ఉంది, కుక్క మీద జోకు వేస్తూ.

"అమ్మా, చక్కెర లేకపోయినా ఫర్వాలేదు," అంది ముందుగదిలోంచి అమ్మాయి.

పాలు పొంగి పొయ్యి మీదికి కారుతున్నాయి. గట్టు మీద చక్కెర డబ్బా ఉంది. దాని మూత ఆయన పెట్టినట్టే, ఓ పక్కకి కాస్త ఒరిగి ఉంది.